పాలమూరు నుంచి బొమ్మలు చూడటానికి: మాసబ్‌ట్యాంక్, గచ్చిబౌలి, అలంపూర్

మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నోటుపుస్తకాల వెనక అట్టలన్నీ బొమ్మలే. ఇంటర్ అయ్యాక బీఎఫ్ఏ, అంటే చిత్రకళ, శిల్పం లాంటివి నేర్పే డిగ్రీ, చేస్తానంటుంది. అక్కకు, బావకు మాత్రం టెన్షన్. ఆ చదువులో ఏం నేర్పిస్తారు, తర్వాత ఏం చేస్తారు అని అడిగితే ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఈ వేసవిలో నేను, మా ఆవిడ, మేనకోడలు కలిసి బయల్దేరాం. చదువుకునే పిల్లలు చేసిన పని ముందు కళ్లారా చూస్తే మిగతా ప్రశ్నలు వాటంతట అవే వస్తాయనిపించింది.

మొదట మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లాం. 2008లో విడి విశ్వవిద్యాలయం కాకముందు ఇది జేఎన్టీయూ కింద ఉండేది. పాతవాళ్లు ఇప్పటికీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అనే అంటారు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ ఇక్కడ ఉంది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్, ఇలా విభాగాలు వేరు. విద్యార్థుల ప్రదర్శన చూస్తే ఆ తేడా పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఒకవైపు మట్టితో చేసిన తలలు, పక్క గదిలో అగ్గిపెట్టె మీది బొమ్మ నుంచి సినిమా పోస్టర్ దాకా డిజైన్లు. మా బావ వచ్చి ఆ అప్లైడ్ ఆర్ట్ గది చూసి ఉంటే సగం టెన్షన్ అక్కడే దిగేది. బీఎఫ్ఏ ఆలోచన ఉన్న పిల్లలకు ముందు చూపించాల్సింది ఇక్కడే.

బస నాంపల్లి వైపు ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది, మాసబ్‌ట్యాంక్ దగ్గరే. కానీ రోడ్డు వైపు గది ఇచ్చారు, రాత్రంతా హారన్ల మోతే. కుటుంబంతో వెళ్లేవాళ్లు లోపలి వైపు గది అడిగి తీసుకోండి. గచ్చిబౌలి దగ్గర దిగుదామని విచారించాం గాని, అక్కడ చెప్పిన అద్దెలు మా బోటివాళ్లకు అందేలా లేవు.

మరుసటి రోజు గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1974లో మొదలైనప్పుడు ఇది ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే నడిచింది. ఆమె పేరుతో ఉన్న స్కూల్లో చిత్రకళ, నాట్యం, రంగస్థలం విభాగాలున్నాయి. పాలమూరు బస్సులో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ దాకా పోవద్దు. ఆరాంఘర్‌లో దిగి మెహదీపట్నం చేరితే అక్కడి నుంచి లింగంపల్లి వైపు సిటీ బస్సులు దొరుకుతాయి. క్యాంపస్ చాలా పెద్దది, ఎండలో నడక కష్టం. తలా ఒక గుర్తింపు కార్డు, నీళ్ల సీసా దగ్గర ఉంచుకోవాలి. ప్రదర్శనకు టికెట్ లేదు.

ఇక్కడ చూసింది ఎంఎఫ్ఏ, అంటే బీఎఫ్ఏ తర్వాతి పీజీ, విద్యార్థుల పని. మాసబ్‌ట్యాంక్‌లో చూసినంత సులువుగా అర్థం కాదు. ఒక గదిలో నేల మీద చెప్పులు పేర్చి ఉంటే మా ఆవిడ తన చెప్పులు కూడా అక్కడే విడవాలేమో అనుకుంది. నిర్వాహకులు లోపలికి రమ్మన్నాకే అదొక కళాకృతి అని తెలిసింది. అయితే నాకు ఆ ఊరంతటిలో బాగా నచ్చిన గంటా గంటన్నర ఇక్కడే గడిచింది, ముద్రణ చిత్రాల గోడ దగ్గర.

ఆ గోడ మీద ఒక ఎచింగ్ ఉంది. బస్టాండు, మూటల మీద కూర్చున్న ఆడవాళ్లు, ఒడిలో పిల్లలు, వెనక చేతిలో పార పట్టుకున్న మగాయన. చూడగానే పనికోసం వలసపోయే పాలమూరు లేబర్ అని తెలిసిపోయింది. దేశంలో ఏ డ్యామ్ కట్టినా మన జిల్లా మనిషి చెమట ఉందంటారు కదా. చేసిన అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. మా మాట వినగానే "మీది ఏ ఊరు సార్?" అన్నాడు. వాళ్లది అచ్చంపేట వైపు. మేనకోడలు జంకుతూనే "ఇది పెన్నుతో గీసిందా అన్నా?" అని అడిగింది. అంతే, ఆ పిల్లవాడు మొదటి నుంచి చెప్పుకొచ్చాడు.

జింకు పలక మీద మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో బొమ్మ గీస్తే గీసినచోట పూత పోయి లోహం బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో ఉంచితే ఆ గీతలను మాత్రమే యాసిడ్ తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. తర్వాత గుంటల్లో ఇంకు నింపి, పైన మిగిలింది బట్టతో తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో తిప్పుతారు. "గీత తప్పైతే ఎట్ల అన్నా?" "తప్పైతే దాన్నే ఇంకో గీత చేసుకోవాలె చెల్లె. రబ్బరు లేదు ఇక్కడ." బొమ్మ కింద పెన్సిల్‌తో 3/10 అని రాసి ఉంది. పది అచ్చుల్లో మూడోది అని. ఈ స్కూల్లోనే పనిచేసిన కె. లక్ష్మాగౌడ్ గారి పేరు కూడా అతని నోటే విన్నాం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, పల్లెల్లోని ఆడామగా, మేకలను ఎచింగుల్లోకి తెచ్చిన మనిషి.

సాయంత్రం విద్యార్థుల కూచిపూడి కొంతసేపు చూశాం. బాగుంది. తిండికి క్యాంపస్‌లో గోప్స్ క్యాంటీన్ చాలు, ధరలు విద్యార్థులకు తగ్గట్టే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో ఇంట్లో ఆగి, తర్వాత అలంపూర్ పోయాం. కర్నూలు బస్సెక్కి అలంపూర్ చౌరస్తాలో దిగితే ఊళ్లోకి ఆటోలుంటాయి. ఉండటానికి ఊళ్లో హరిత హోటల్ ఉంది, గదులు ముందే చూసుకోవాలి. ఎక్కువమంది జోగులాంబ దర్శనం చేసుకుని వెళ్లిపోతారు. నా మాట వినండి, పొద్దున్నే వచ్చి నవబ్రహ్మ ఆలయాలకు కనీసం అరపూట ఇవ్వండి. బాదామి చాళుక్యుల కాలం, 7, 8 శతాబ్దాల పని. పేరుకు బ్రహ్మలు, నిజానికి అన్నీ శివాలయాలే. చాలావాటి శిఖరాలు మనవైపు గుళ్లలా మెట్లుమెట్లుగా ఉండవు. ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి పైకెళ్లి, తల మీద ఉసిరికాయ ఆకారంలో ఆమలకం ఉంటుంది. స్వర్గబ్రహ్మ ఆలయం గోడల ముందు మేనకోడలు కూర్చుంది అంటే లేపడం మా తరం కాలేదు. ఆ రాతి జాలీల్లోంచి వెలుగు ఎటు పడుతుందో నాకు చూపించింది తనే.

పక్కనే మ్యూజియంలో లజ్జాగౌరి విగ్రహం ఉంది. తల ఉండాల్సినచోట పద్మం, కాన్పు భంగిమ. ఆడపిల్లను పక్కన పెట్టుకుని ఏం చెప్పాలో నాకు తోచలేదు. మా ఆవిడే చెప్పింది, పిల్లల కోసం మొక్కే తల్లి బిడ్డా, పంట పండినా ఈమె చలవే అనుకునేవాళ్లు పూర్వం అని. అంతకంటే మంచి వివరణ ఏ పలక మీదా రాయలేరు.

మనవైపే మరో మ్యూజియంలో ఇలా జరగలేదు. విగ్రహం కింద 'శిల్పం, 12వ శతాబ్దం' అని తప్ప ఏమీ లేదు. తాళం తీసిన మనిషి మేము ఎప్పుడు బయటికి వస్తామా అని గడప దగ్గర నిలబడ్డాడు. అక్కడి శిల్పాలు అలంపూర్ వాటికి తీసిపోయేవి కావు. అయినా ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. గచ్చిబౌలిలో ఆ అచ్చంపేట పిల్లవాడు చెప్పింది మాత్రం మాటమాటా గుర్తుంది. బొమ్మ పక్కన చెప్పే మనిషి ఉండాలి. నాకు ఈ యాత్రలో అన్నిటికంటే తేడా కనిపించింది అక్కడే.

అందుకే అడుగుతున్నాను. బండమీదిపల్లిలో 2008 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. నల్గొండకు 2007 నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. ఏడాదికి ఒక్కసారి ఒక హాలు, మంచి లైట్లు, చుట్టుపక్కల గీసే పిల్లల బొమ్మలు పెట్టడానికి ఏం అడ్డం? పాలమూరు పట్నం పక్కనే పిల్లలమర్రి మ్యూజియం ఉంది. చరిత్ర చదివే విద్యార్థులు సెలవు రోజుల్లో అక్కడ నిలబడి చెబితే వచ్చినవాళ్లు ఊరికే మర్రిచెట్టు కింద ఫొటో దిగి పోరు. సాయంత్రాలకు కళాకారులు కావాలా? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన ఉమ్మడి జిల్లా మనుషులే. ఒంటికి నూలు, అంచుకు పట్టు పెట్టి గద్వాల చీరను ఎలా కలుపుతారో మగ్గం పెట్టి చూపిస్తే అదొక ప్రదర్శన.

నల్గొండ వాళ్లు బొమ్మలు గీసే పిల్లలను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోండి. గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం నీడ పొద్దంతా కదలదు. వెలుగు గురించి అంతకంటే మంచి పాఠం దగ్గర్లో లేదు. పచ్చల సోమేశ్వరం, దాని ఆవరణలోని మ్యూజియం కూడా అదే పూటలో అయిపోతాయి.

హైదరాబాదు ప్రదర్శనలు ఎక్కువగా విద్యా సంవత్సరం చివర్లో ఉంటాయి, తేదీలు ఏటా మారతాయి. ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. ఆఖరి రోజు పోవద్దు, మధ్యాహ్నానికే బొమ్మలు దించేస్తారు. మొదటి రోజు సాయంత్రమైతే చేసినవాళ్లంతా అక్కడే ఉంటారు, అడిగినంతా చెబుతారు.