సిమెంటు తూకానికి ఏది మేలు: ఒకే వేగపు ఫీడా, రెండు వేగాల ఫీడా?

రెడీమిక్స్ కాంక్రీటు బ్యాచింగ్ ప్లాంటులో సిమెంటును తూచే తొట్టి అయిన హాపర్‌కు సెట్‌పాయింట్లు (ఏ బరువు దగ్గర ఆపాలో చెప్పే అంకెలు) పెట్టేటప్పుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. హాపర్‌లోకి సిమెంటు తెచ్చే స్క్రూను చివరిదాకా ఒకే వేగంతో నడిపి, ఎక్కడ ఆపాలో తూకం చూపే ఇండికేటరే బ్యాచ్ బ్యాచ్‌కూ నేర్చుకునేలా వదిలేయడం ఒక పద్ధతి. మొదట పూర్తి వేగంతో నింపి, చివర్లో వేగం తగ్గించి, మనం ఇచ్చిన స్థిరమైన ఇన్‌ఫ్లైట్ విలువ (ఆపమన్న తర్వాత కూడా పడే సిమెంటు బరువు) మేరకు ముందే ఆపడం రెండో పద్ధతి. సిమెంటు విషయంలో నేను రెండో పద్ధతినే ఎంచుకుంటాను, అయితే ప్లాంటులోని అన్ని హాపర్లకూ అదే సరైనదని అనను.

ఇండికేటర్‌లోని రిలే ఆపమని చెప్పిన క్షణంలోనే సిమెంటు ఆగదు. మోటారు నిలవడానికి, బటర్‌ఫ్లై వాల్వ్ మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది. అంకెల ఊగిసలాటను తగ్గించే ఫిల్టర్ వల్ల తెర మీది అంకె అసలు బరువు కంటే కొంచెం వెనకే ఉంటుంది. ఇవన్నీ కలిపి ఒకటింపావు సెకను అనుకుంటే, సెకనుకు 10 కిలోలు తెచ్చే స్క్రూ ఈలోగా మరో 12.5 కిలోలు పోసేస్తుంది. అందుకే 320 కిలోలు కావాలంటే 307.5 దగ్గరే ఆపమని చెప్పాలి. ఈ ఇన్‌ఫ్లైట్ విలువను స్క్రూ మూతికీ హాపర్‌కూ మధ్య ఉన్న ఎత్తు కొలిచి కాగితం మీద లెక్కకట్టేవారు ఉన్నారు. గాలిలో ఉన్న సిమెంటు బరువును కింద పడే ధార తాకిడి చాలావరకు ముందే చూపించేస్తుంది కాబట్టి ఆ లెక్క నిలవదు. పది బ్యాచ్‌ల తూకాలు రాసుకుని తీసిన విలువే నమ్మదగినది.

కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 చెబుతుంది: సిమెంటుకు ±2 శాతం, కంకర, నీరు, అడ్మిక్స్చర్లకు (కాంక్రీటులో కలిపే రసాయనాలకు) ±3 శాతం. అంటే 320 కిలోల మీద 6.4 కిలోల వెసులుబాటు ఉంటుంది. స్క్రూ ఎప్పుడూ ఒకే లెక్కన సిమెంటు తెస్తే ఒకే వేగంతోనూ ఈ హద్దులో ఉండడం కష్టం కాదు. కానీ సిమెంటు నిల్వ ఉండే సైలో అలా ఉండనివ్వదు. సిమెంటు ప్రవాహం సెకనుకు 10 నుంచి 13 కిలోలకు పెరిగితే ఆపిన తర్వాత పడేది 12.5 బదులు 16.25 కిలోలు అవుతుంది. ఎక్కువైన 3.75 కిలోలు ఒక ఘనపు మీటరు బ్యాచ్‌లో హద్దు దాటవు. అదే అర ఘనపు మీటరు బ్యాచ్‌లో సిమెంటు 160 కిలోలే, హద్దు 3.2 కిలోలే, తప్పు మాత్రం తగ్గకుండా ఆ 3.75 దగ్గరే ఉంటుంది. చిన్న బ్యాచ్‌లలో సిమెంటు తూకం తప్పడానికి నేను చూసినంతలో ఇదే మొదటి కారణం.

రెండు వేగాల పద్ధతిలో 285 కిలోల దగ్గర డ్రైవ్‌తో (మోటారు వేగం మార్చే పరికరంతో) స్క్రూ వేగం తగ్గించి, సెకనుకు 2 కిలోల చొప్పున మిగిలింది నింపుతాము. అప్పుడు ఆపిన తర్వాత పడేది 2.5 కిలోలు మాత్రమే. ప్రవాహం అదే నిష్పత్తిలో పెరిగినా తేడా ముప్పావు కిలో దాటదు. దీనికి బదులుగా బ్యాచ్‌కు దాదాపు పది సెకన్లు పోతాయి. మిక్సర్ ఒక బ్యాచ్‌ను కలుపుతుండగానే తర్వాతి బ్యాచ్ తూకం సాగుతుంది కనుక, చాలా ప్లాంట్లలో ఆ పది సెకన్లు ఉత్పత్తిలో కనిపించనే కనిపించవు. స్క్రూకు డ్రైవ్ లేకపోతే, చివరి కిలోలను ఆపుతూ నడుపుతూ నింపే జాగింగ్‌తో కొంతవరకు సరిపెట్టుకోవచ్చు.

ఇండికేటర్ తనంతట నేర్చుకునే ఇన్‌ఫ్లైట్ మీద నాకున్న అభ్యంతరం ఒక ఉదయం చూసినదాని వల్ల ఏర్పడింది. సిమెంటు తెచ్చే ట్యాంకర్ లారీ (బల్కర్) అప్పుడే సైలోలోకి సిమెంటు ఊది వెళ్లింది. గాలి నిండిన కొత్త సిమెంటు నీళ్లలా జారుతుంది. ఇన్‌ఫ్లైట్ 12 మీద ఉండగా మొదటి బ్యాచ్ 328 చూపింది. ఇండికేటర్ ఆ 8 కిలోల తప్పును పూర్తిగా దిద్దుకుని విలువను 20కి పెంచింది. రెండో బ్యాచ్‌కు సిమెంటు సర్దుకుని మామూలుగా రావడంతో తూకం 312 దగ్గరే ఆగిపోయింది. హద్దు దాటిన మొదటి బ్యాచ్ నుంచి పాఠం నేర్చుకోవడం వల్ల రెండోది కూడా హద్దు దాటింది. దిద్దుబాటును సగానికి పరిమితం చేసి ఉంటే రెండోది 316తో బయటపడేది. 6 కిలోలు మించిన తప్పును లెక్కలోకి తీసుకోవద్దని హద్దు పెట్టి ఉంటే 320 దగ్గరే ఆగేది. కాబట్టి నేర్చుకునే సౌకర్యం వాడదలచినవారు ఈ రెండు పరిమితులూ లేకుండా దాన్ని ఆన్ చేయకూడదు.

నీటికి మాత్రం ఒకే వేగం, నేర్చుకునే ఇన్‌ఫ్లైట్ చక్కగా సరిపోతాయి, ఎందుకంటే పంపు నుంచి వచ్చే ధార రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇసుకకు ఎండాకాలంలో అదే పద్ధతి నడుస్తుంది. వానాకాలంలో తడి ఇసుక గేటు దగ్గర గూడు కట్టి, తక్కువగా వచ్చిన బ్యాచ్ చూసి ఇండికేటర్ తప్పు నేర్చుకుంటుంది కనుక అప్పుడు దాన్ని ఆపేయడం మంచిది.

ఏ పద్ధతి పెట్టినా ఫిల్టర్‌ను గమనిస్తూ ఉండాలి. అంకెలు ఊగుతున్నాయని ఎవరో ఫిల్టర్ ఒక మెట్టు పెంచుతారు, తెర ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ ఆపమనే ఆదేశం ఆ మేరకు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం అర సెకను అయినా పూర్తి వేగంలో 5 కిలోలు, తగ్గించిన వేగంలో ఒక కిలో అదనంగా పడుతుంది. ఫిల్టర్ మార్చిన రోజున ఇన్‌ఫ్లైట్ విలువను మళ్లీ పది బ్యాచ్‌ల తూకాలతో తీసుకుని, పాత విలువనూ కొత్త విలువనూ తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపలి వైపు రాసి ఉంచాలి.