విగ్రహం నుంచి ఇసామియా బజార్ సందు దాకా

పదో తరగతి పరీక్షలు అయిపోగానే మా అమ్మాయి ఒకటే పట్టు పట్టింది, హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం చూడాలని. సరే అన్నాను. ఇసామియా బజార్‌కు కూడా రావాలి, భాగ్యరెడ్డి వర్మ గారు బడి పెట్టిన చోటు అన్నాను. "ఆయనెవరమ్మా?" అంది. ఆ మాట విన్నాక ఈ ప్రయాణం తప్పదనిపించింది.

ఖమ్మం నుంచి రైల్లో సికింద్రాబాద్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగాం. ఆటోవాళ్ళతో బేరాల కంటే ఇదే హాయి. కోఠి దగ్గర లాడ్జిలో దిగాం. ఫోన్లో చూపించిన గది వేరు, తాళం తీసిచ్చిన గది వేరు. గీజర్ పనిచేయలేదు, అడిగితే బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. దుప్పట్లు మాత్రం ఉతికినవి. ఆడవాళ్ళం ఇద్దరమే ఉన్నా భయమనిపించలేదు. రోడ్డు వైపు గది వద్దనండి, రాత్రంతా హారన్లే.

విగ్రహానికి సాయంత్రం వెళ్ళండి, పగలు ఎండకు తట్టుకోలేరు. పార్లమెంటు ఆకారంలో కట్టిన 50 అడుగుల పీఠం మీద, చేయి చాచి నిలబడ్డ ఆయన్ని చూసి మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. 2023 ఏప్రిల్ 14న దీన్ని ఆవిష్కరించారు. పక్కనే ఆయన పేరు పెట్టుకున్న సచివాలయం. ఫోటోలకు జనం బాగా ఉంటారు, ఓపిక కావాలి.

మర్నాడు పొద్దున్నే తార్నాక మీదుగా ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. 1953లో అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది ఈ విశ్వవిద్యాలయమే. ఈ రాతి భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. భాగ్యరెడ్డి వర్మ కన్నుమూసింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. ఆ మెట్ల మీదే కూర్చుని పిల్లకు ఆయన కథ చెప్పాను. 1888లో మాదరి భాగయ్యగా పుట్టారు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథలతో జనాన్ని కూడగట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న ఊళ్ళో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. ఆ బడులు 26 దాకా పెరిగాయి. దేవదాసీ, జోగిని ఆచారాల మీద పోరాడారు. 1917లో బెజవాడలో జరిగిన దళితుల సభకు అధ్యక్షత వహించి, అంటరానివాళ్ళని ముద్ర వేసి పిలిచే పంచములు అనే మాటే వద్దన్నారు. మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నారు. మహారాష్ట్రలోని మహద్‌లో, దళితులను ముట్టనివ్వని చెరువు నీళ్ళు అంబేద్కర్ తాగడానికి పదేళ్ళ ముందు సంగతి ఇది.

ఇసామియా బజార్ కోఠి నుంచి దగ్గరే. సందులు ఇరుకు, నడిచే వెళ్ళండి. చూడ్డానికి ఏముంది అని అడిగేవాళ్ళకు నేను చూపించగలిగింది తక్కువే. అయినా రెండు రోజుల్లో నాకు ఎక్కువ దక్కింది ఇక్కడే. అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగాను.

"ఎక్కడికెళ్ళి వచ్చిన్రు బిడ్డా?" అన్నాడు.

ఖమ్మం అన్నాను. వర్మ గారి బడి సంగతి ఎత్తగానే ఆయన ముఖం వెలిగింది. "మా నాయన ఆ బడిలనే అక్షరాలు నేర్చిండు. సంతకం పెట్టేటప్పుడు ఒక్కో అక్షరం నోటితోటి అనుకుంట రాసేటోడు" అంటూ గాల్లో వేలితో రాసి చూపించాడు.

మా అమ్మాయి ఆయన పక్కన చతికిలబడి, "ఇంకా ఏం చెప్పేవాడు తాతా?" అని మొదలుపెట్టింది. మా రైలు నాలుగింటికి. నేను తొందరపెట్టలేదు.