ముందు కుంచెనా, ప్లాటరా? సైన్ బోర్డుల పని నేర్చుకునేవారికి ఏది మేలు

సైన్ బోర్డుల షాపులో కొత్తగా చేరినవాళ్లను చాలాచోట్ల ముందు ప్లాటర్ దగ్గరే, అంటే కంప్యూటరు చెప్పినట్టు అక్షరాలు కోసే యంత్రం దగ్గరే కూర్చోబెడతారు. కంప్యూటర్‌లో పేరు కొట్టి, ఫాంటు ఎంచుకుని, వినైల్ (స్టిక్కర్ షీటు) కట్ చేయించడం తొందరగా వస్తుంది. షాపుకు పని అవుతుంది, నేర్చుకునేవారికి ఉత్సాహం వస్తుంది. అయినా నేను మాత్రం ముందు కుంచె పట్టమనే చెబుతాను. కుంచె కుదరకపోతే పెన్సిల్‌తో కాగితం మీద పెద్ద అక్షరాలు గీయడమైనా నేర్చుకోవాలి. ఆ తర్వాత అదే ప్లాటర్ మీద మీరు చేసే బోర్డు వేరుగా ఉంటుంది.

కారణం ఖాళీ జాగా. అక్షరానికీ అక్షరానికీ నడుమ, మాట చుట్టూ, అంచుల దగ్గర ఎంత చోటు వదిలారన్న దాన్ని బట్టే బోర్డు అందం తేలుతుంది. ఇంగ్లిషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో ‘ఎల్’ పక్కన ‘ఏ’ వచ్చిందనుకోండి. స్కేలు పెట్టి మిగతా అక్షరాలంత దూరమే వదిలినా, ఆ రెంటి మధ్య పెద్ద సందు ఉన్నట్టే కనిపిస్తుంది. గుండ్రటి ‘ఓ’ను పై గీతకూ కింది గీతకూ సరిగ్గా తాకేలా రాస్తే పక్కవాటికంటే పొట్టిగా కనిపిస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు రెండు గీతలనూ కొంచెం దాటిస్తారు. మంచి ఫాంట్లలో ఈ సవరణలు ముందే చేసి ఉంటాయి, నిజమే. కానీ చాలా ఫాంట్లలో అక్షరాల ఎడం కాగితం మీద చదివే చిన్న సైజుకు లెక్కవేసినది. అడుగు ఎత్తుకు పెంచితే అవే అక్షరాలు దూరందూరంగా పడతాయి. చేత్తో రాసినవారికి అది చూడగానే తెలుస్తుంది. ఫాంటుతోనే మొదలుపెట్టినవారికి ఎక్కడో బాగాలేదనిపిస్తుంది గానీ ఏది బాగాలేదో పట్టుబడదు.

తెలుగు బోర్డుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. పైన గుడులు, కింద ఒత్తులు. ‘స్త్రీ’ పట్టేంత ఎత్తులో ‘కల’ రాస్తే సగం జాగా మిగిలిపోతుంది. రెండు వరుసల బోర్డులో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలే చోటు ముందే ఊహించుకోవాలి. ఒక్కోసారి ఒత్తును కాస్త పక్కకు జరపాలి, ఒక్కోసారి వరుస విరిచే చోటే మార్చాలి. చేత్తో గీసేటప్పుడు ఇది దానంతటదే అలవాటవుతుంది. ప్లాటర్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. అక్షరం మీదికి ఒత్తు ఎక్కినచోట రెండు ఆకారాలనూ కంప్యూటర్‌లో వెల్డ్ చేయకపోతే, అంటే ఒకే ఆకారంగా కలపకపోతే, బ్లేడు అక్షరం నడిమధ్యలోంచి కోసేస్తుంది.

కుంచెతో కష్టం లేదని కాదు. ఎనామెల్ రంగు మరీ పలచనైతే కారుతుంది, చిక్కబడితే కుంచె లాగుతుంది. వంపు గీత ఒక్క ఊపులో రావాలంటే చెయ్యి ఆనించే కర్ర మీద మణికట్టు నిలవాలి, కుంచెను వేళ్ల మధ్య తిప్పుతూ పోవాలి. దీనికి నెలలు పడుతుంది. అయితే తడిగా ఉన్నంతసేపు తప్పును గుడ్డతో తుడిచేయొచ్చు. గరుకు గోడ మీద స్టిక్కర్ సరిగ్గా పట్టదు, రంగు పడుతుంది. అద్దం వెనక బంగారు రేకు అతికే పనికైతే కుంచె పట్టిన చెయ్యి ఉండాల్సిందే. జెలటిన్ కలిపిన నీళ్లతో రేకును అతికించి, అక్షరాలను వెనక్కి తిప్పి రాసి, మిగిలిన రేకు తుడిచేస్తారు. ఆ పని చూస్తుంటే ఈ వృత్తి మీద ప్రేమ పుడుతుంది.

ప్లాటర్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1980ల తొలి ఏళ్లలో కంప్యూటరు కటింగ్ యంత్రాలు వచ్చాక ఈ వృత్తి రూపమే మారిపోయింది. ఇరవై బండ్ల మీద ఒకే గుర్తు అచ్చం ఒకేలా రావాలంటే ప్లాటరే కావాలి. దాని వెనకా పనితనం ఉంది. బ్లేడు వినైల్‌ను మాత్రమే కోసి కింది కాగితాన్ని వదిలేయాలి. అక్కర్లేని వినైల్ పీకేటప్పుడు చిన్న అక్షరాలు లేచిపోకూడదు. ఏ రకం వినైల్ ఎక్కడ వాడాలో తెలియాలి. వేడి రోలర్ల మధ్య సాగదీసి చేసే క్యాలెండర్డ్ రకం కొన్నాళ్లకు కుంచించుకుపోతుంది. ద్రవంగా పోసి చేసే కాస్ట్ రకం పలచగా ఉండి వంపుల మీద, రివెట్ల మీద చక్కగా కూర్చుంటుంది. బండ్ల వంపులకు చవకని క్యాలెండర్డ్ రకం అంటిస్తే అంచులు లేస్తాయి, చెడ్డపేరు షాపుకు వస్తుంది.

ఆర్డర్ల మీద నేర్చుకోవడం మేలా, సొంత బోర్డుల మీదనా అంటే, రెండూ కావాలి గానీ వాటి పాఠాలు వేరు. ఆర్డరు గడువును, అక్షరదోషాలు సరిచూసే అలవాటును, ఎదుటివారి మాట వినడాన్ని నేర్పుతుంది. దూరాల లెక్క కూడా అక్కడే ఒంటబడుతుంది. 3 అంగుళాల అక్షరం 30 అడుగుల నుంచి సుఖంగా చదవొచ్చని, 100 అడుగులు దాటితే కష్టమని ఇంగ్లిషు అక్షరాలకు ఒక వాడుక లెక్క ఉంది. తెలుగు అక్షరానికి మెలికలు ఎక్కువ కాబట్టి నేనైతే ఇంకొంచెం పెద్దదే పెడతాను. సొంత బోర్డులో మాత్రం గీసింది చెరిపేసి మళ్లీ గీసే తీరిక ఉంటుంది. ఆ తీరిక లేకుండా చెయ్యి కుదరదు.

ఇంటికి వెంటనే సంపాదన కావాల్సినవారు, బండ్ల స్టిక్కర్లే ప్రధానంగా చేసే షాపులో చేరినవారు ప్లాటర్‌తోనే మొదలుపెట్టాలి. వాళ్లను కుంచె దగ్గర కూర్చోబెట్టడం న్యాయం కాదు. వాళ్లు రోజూ ఒక పేరు కాగితం మీద చేత్తో గీసి, తర్వాత అదే పేరును ఫాంటులో తీసి పక్కన పెట్టి చూసుకుంటే చాలా తెలుస్తుంది.

మొదటి సొంత ప్రాజెక్టుకు రెండు విద్యలూ కలిసే పని ఎంచుకోండి. ఒకే మాట, ఒకటో రెండో ఒత్తులున్నది. పెన్సిల్‌తో గీసి, స్కాన్ చేసి, అవుట్‌లైన్ శుభ్రం చేసి, ప్లాటర్‌లో బ్లేడు తీసి పెన్ను పెట్టి కాగితం మీద అసలు సైజులో గీయించండి. ఆ గీతల వెంట సూదిచక్రంతో చిల్లులు పొడిచి, కాగితాన్ని బోర్డుకు అంటించి, బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కల్లో అక్షరం దిగుతుంది. ఆపైన కుంచెతో నింపడమే. కొలత యంత్రం చూసుకుంటుంది, గీత మీ చేతిదవుతుంది. ఒత్తు దగ్గర చుక్కలు తప్పుగా అనిపిస్తే వాటిని పక్కనపెట్టి మీ కంటినే నమ్మండి.