సాయిల్, డిఫైల్: మురికి చేసే రెండు ఇంగ్లీషు క్రియలు

చొక్కాకు మట్టి అంటితే 'సాయిల్' అయింది అంటాం కాబట్టి, నేల అని అర్థమిచ్చే సాయిలే ఇదీ అనుకుంటారు చాలామంది. కాదు. నేల అని అర్థమిచ్చే సాయిల్ నామవాచకం వేరే లాటిన్ మూలం నుంచి వచ్చింది. ఈ క్రియ పాత ఫ్రెంచి 'సొయ్యే' నుంచి దిగింది. దాని వెనుక పందిని సూచించే లాటిన్ మాట ఉందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. బురదలో పొర్లడమన్నమాట.

'డిఫైల్' కథ ఇంకా పసందైనది. దీని అసలు రూపం 'ఫైల్', అచ్చమైన పాత ఇంగ్లీషు క్రియ. ఆఫీసు ఫైలుతో సంబంధం లేదు. 'ఫౌల్', అంటే కుళ్లు కంపు, అనే మాటకు ఇది పుట్టింటి బిడ్డ. సంస్కృతం నుంచి మనకొచ్చిన 'పూతిగంధం' (కుళ్లు వాసన)లోని పూతిదీ ఇదే ఇండో-యూరోపియన్ (సంస్కృతం, ఇంగ్లీషు రెండూ పుట్టిన భాషాకుటుంబం) మూలం! తర్వాత ఫ్రెంచిలో కాళ్లతో తొక్కడాన్ని చెప్పే 'డెఫూలే' వచ్చి దీనితో కలిసిపోయింది. షేక్‌స్పియర్ నాటకంలో రాజును చంపి గద్దెనెక్కిన మాక్‌బెత్ మాత్రం, తన తోటి సేనాని బ్యాంకో సంతానం కోసం నా మనసును 'ఫైల్' చేసుకున్నానని పాత రూపంలోనే వాపోతాడు.

బట్టల మురికికి సాయిల్ చాలు. గుడి, సమాధి, మనసు మైలపడితే డిఫైలే సరైనది. ఆ బరువు సాయిల్‌కు లేదు.