ఆరేళ్లుగా వెళ్తున్న మీటింగులు: ఒక తాగుబోతు అనుభవం

హైదరాబాదులో నేను, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని తమ కథలు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఈ మధ్యలో నాలుగు గ్రూపులు మారాను, ఒకసారి జారి మళ్లీ తాగాను కూడా. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ అనే ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఈ సహవాసంలో చేరడానికి, తాగుడు మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత అక్కరలేదు. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు. ఇష్టమైతే పదో ఇరవయ్యో వేయవచ్చు, లేకపోతే పక్కవాళ్లకు అందించవచ్చు. బయటివారు లక్ష ఇస్తామన్నా తీసుకోకూడదన్నది వాళ్ల నియమం.

అసలు కష్టమంతా సరైన మీటింగు దొరకడంలోనే ఉంది. ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక జాబితాను నమ్ముకుని నేను మొదటిసారి వెళ్లిన స్కూలుకు తాళం వేసి ఉంది. ఆ గ్రూపు వేరే చోటికి మారి చాలా కాలమైందని వాచ్‌మన్ చెప్పాడు. మామూలు మనిషికైతే అది ఆటో ఖర్చుతో పోయే నష్టం. మానేసి రెండు రోజులే అయిన నాకు మాత్రం, ఆ గేటు నుంచి ఇంటికి వెళ్లే దారిలో నాలుగు వైన్ షాపులు ఉండడమే అసలు సమస్య. ఆ రాత్రి మళ్లీ తాగాను. అందుకే, బయలుదేరే రోజునే గ్రూపువాళ్లకు ఫోన్ చేసి, చోటూ వేళా భాషా కనుక్కున్నాకే వెళ్లమని ఎవరికైనా చెబుతాను. ఎందుకంటే నాకు దొరికిన రెండో మీటింగు పూర్తిగా ఇంగ్లీషులో సాగింది. అర్థమైంది కానీ, భార్య గాజులు కుదువ పెట్టిన సంగతి ఇంగ్లీషులో చెప్పుకోవడం నా వల్ల కాలేదు.

తెలుగు గ్రూపు ఒక చర్చి వెనక గదిలో దొరికింది. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీలు, తాగుడు నుంచి బయటపడడానికి సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లు రాసి గోడకు వేలాడదీసిన పట్టిక, ఒక మూల టీ ఫ్లాస్కు. నా చేతులు వణుకుతున్నాయని నేను చెప్పలేదు, టీ పోస్తున్న పెద్దాయనా అడగలేదు. ఆయన అందరి గ్లాసులూ నింపి నాకు మాత్రం సగమే పోసి ఇచ్చారు. మీటింగు అయ్యాక బయట మెట్ల మీద నిలబెట్టి, డాక్టరుకు చూపించుకున్నారా అని అడిగారు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు; మీటింగు వైద్యానికి బదులు కాదు. మర్నాడే ఆసుపత్రికి వెళ్లాను. ఎక్కడ చూపించుకోవాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 నంబరుకు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మీటింగు వేళ. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు, అంటే సరిగ్గా నా చెయ్యి సీసా కోసం వెతికే సమయంలో, నేను ఇంకొకరి కథ వింటూ కూర్చునేవాణ్ణి. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రారు, సలహాలు ఇవ్వరు. మొదటి తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని పాత సభ్యులు చెబుతారు. నేను అరవై దాటలేకపోయాను. పద్నాలుగో నెలలో మేనమామ కొడుకు పెళ్లిలో తాగి, పది రోజుల తరువాత తల వంచుకుని వెళ్తే, ఎవరూ నిష్ఠూరమాడలేదు. తాగకుండా ఉన్న రోజుల లెక్క మాత్రం మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలైంది.

నచ్చనివీ ఉన్నాయి. ఒక గ్రూపులో సీనియర్ సభ్యుడొకరు ప్రతివారం ముప్పావుగంట తానే మాట్లాడి, కొత్తవారికి ఐదు నిమిషాలు మిగిల్చేవారు; మూడు నెలలు ఓపిక పట్టి వేరే గ్రూపు చూసుకున్నాను. అద్దె ఇల్లు వెతుక్కున్నట్టే గ్రూపునూ వెతుక్కోవాలి, మొదటిది కుదరలేదని రోడ్డు మీద ఉండిపోకూడదు. ఆ పన్నెండు మెట్లలో దేవుడి మాట తరచూ వస్తుంది. మీకు తెలిసిన దేవుణ్ణే అనుకోండి అంటారు గానీ, నాస్తికుడైన నా స్నేహితుడికి అది గొంతు దిగలేదు. ఆడవాళ్లు నేను వెళ్లిన చోట్ల ఒకరిద్దరికి మించి ఎప్పుడూ కనిపించలేదు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని 1951లో బిల్ భార్య లోయిస్ మొదలుపెట్టిన సహవాసం వేరే ఉంది. మా ఆవిడ రెండుసార్లు వెళ్లి, మీవాళ్ల టీ కన్నా మా టీయే బాగుందని చెప్పి, మూడోసారి నుంచి నన్ను అడగకుండానే వెళ్తోంది.

పట్నంలో ఉన్నవాళ్లకు వారానికి ఏదో ఒక గది దొరుకుతుంది. మండల కేంద్రాల్లో అది కష్టం. నల్గొండ వైపు పల్లెలో ఉన్న మా తమ్ముడి వరసవాడికి దగ్గరలో గ్రూపు లేదు, కింద గదిలో సిగ్నలూ రాదు. అందుకని మంగళవారం, శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేడ ఎక్కి, వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని ఆన్‌లైన్ మీటింగులో చేరుతున్నాడు.