చలికాలం గోల్ఫ్ ట్రిప్: విశాఖా, గోల్కొండా, ఊటీనా? ఏది మేలు?

డిసెంబర్ దగ్గర పడుతుంటే మా రాజమండ్రి, భీమవరం బ్యాచ్‌లో ఒకటే రగడ, ఈసారి గోల్ఫ్ కిట్లు ఎక్కడికి మోసుకెళ్దాం అని. మన డెల్టాలో చదును నేలకి కొదవ లేదు, కాకపోతే అదంతా వరిచేలూ కొబ్బరితోటలూ రొయ్యల చెరువులూ. పద్దెనిమిది హోల్స్, అంటే పూర్తి ఆట, తృప్తిగా ఆడాలంటే ఊరు దాటాల్సిందే. తిరిగి తిరిగి మూడు పేర్ల దగ్గరే ఆగుతాం: విశాఖలో ఈస్ట్ పాయింట్, హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్క కోర్సు, ఊటీ. బెంగళూరు అని పట్టుబట్టేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు, వాడికి చివర్లో చెబుతాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఢిల్లీలో లాడో సరాయ్ దగ్గర డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు ఉంది చూశారూ, సభ్యత్వంతో పనిలేకుండా ఎవరైనా డబ్బు కట్టి ఆడొచ్చు. ఆ పద్ధతి మన దక్షిణాదిలో అరుదు. ఇక్కడ దాదాపు అన్నీ క్లబ్బులే, బయటివాళ్ళని గెస్టులుగా గ్రీన్ ఫీ, అంటే ఆట రుసుము, కట్టించుకుని రానిస్తాయి. అందుకని కోర్సు ఎంత బాగుందన్నది తర్వాతి మాట, గెస్టులకి ఏ రోజు, ఏ వేళ ఇస్తారన్నది ముందు కనుక్కోండి. శని, ఆదివారాలు పొద్దున్నపూట మంచి టైమంతా మామూలుగా సభ్యులకే పోతుంది, మనకి మిగిలేది మధ్యాహ్నం. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మన ఆట స్థాయి చూపే కాగితం) అడిగే చోట్లున్నాయి కాబట్టి ఉన్నవాళ్ళు ఫోన్లో పెట్టుకోండి. కాలర్ లేని టీషర్టూ జీన్సూ వేసుకుని వెళ్ళి గేటు దగ్గర గొడవ పడొద్దు, అది ఎక్కడైనా ఉండే రూలే.

విశాఖకి ఉన్న పెద్ద ప్లస్ దూరం. రాజమండ్రి నుంచి హైవే మీద సుమారు 190 కిలోమీటర్లు, భీమవరం వైపు వాళ్ళు ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి. సొంత కారు, డిక్కీలో కిట్లు, దారిలో అన్నవరంలో దండం పెట్టుకుని ప్రసాదం, ఇక టెన్షన్ ఏముంది? ఈస్ట్ పాయింట్ 1884 నాటి క్లబ్, ముడసర్లోవ కొండల వైపు ఉంటుంది. ప్రొఫెషనల్స్ ఆడే వైజాగ్ ఓపెన్ కూడా అక్కడే జరిగింది, కాబట్టి ఏదో చిన్న ఊరి కోర్సులే అని తీసిపారేయకండి. మన కాళ్ళకి చదునే అలవాటు కదా, అక్కడి ఎత్తుపల్లాల్లో రెండో రోజుకి పిక్కలు పట్టేస్తాయి, అదొక్కటి గుర్తుంచుకోండి.

విశాఖలో చూసుకోవాల్సింది వెలుతురు. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. నలుగురు కలిసి ఆడితే నాలుగు, నాలుగున్నర గంటలు ఎటూ పోవు, మా వాళ్ళయితే చెట్లలో బంతులు వెతకడానికి ఇంకో అరగంట. అంటే పన్నెండు దాటాక టీ టైమ్ (ఆట మొదలెట్టే వేళ) ఇస్తే చివరి రెండు హోల్స్ చీకట్లో తడుముకోవడమే, అది ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. పొద్దున్న ఆట కోసం తెల్లవారుజామున ఇక్కడ బయల్దేరడం కూడా మానేయండి. జనవరిలో హైవే ఎక్కేసరికే ముందున్న లారీ కనపడనంత మంచు, ఆట కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవడం దేనికి? ముందు రోజు మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే సరి. డిసెంబర్ మొదటి సగంలో బంగాళాఖాతంలో ఏదో ఒక అల్పపీడనం తయారవుతూనే ఉంటుంది, ఆ రోజులకి హోటల్ అడ్వాన్సులు కట్టకపోవడం మంచిది.

ఇక హైదరాబాద్. నా ఓటు దీనికే, కారణం కోట ఒక్కటే కాదు, ఒక్క ప్రయాణంలో రెండు వేరు వేరు కోర్సులు దొరుకుతాయి. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో కోట గోడలు, బురుజులు చూస్తూ ఆడతారు, హతియన్ కా ఝాడ్ అనే ఆ పెద్ద బావొబాబ్ చెట్టు కూడా నయా ఖిలాలోదే. ప్రొఫెషనల్ టూర్‌లో గోల్కొండ మాస్టర్స్ జరిగేది ఈ కోర్సులోనే. గచ్చిబౌలి వైపు వెళ్తే బౌల్డర్ హిల్స్, పీటర్ హరడైన్ డిజైన్ చేసినది, పేరుకి తగ్గట్టు రాళ్ళ గుట్టల మధ్యన. రెంటికీ మధ్య దూరం తక్కువే కాబట్టి ఒక రోజు ఇక్కడా ఒక రోజు అక్కడా పెట్టుకోవచ్చు. మన ఒండ్రు నేల మీద ఐరన్‌తో (ఇనుప తల కర్రతో) కొట్టడం అలవాటైనవాళ్ళు మాత్రం కాస్త జాగ్రత్త, ఫెయిర్‌వే (నున్నగా కోసిన గడ్డి దారి) దాటితే కింద రాయి ఉండొచ్చు, కర్ర ముఖం గీసుకుపోతుంది, మణికట్టు కూడా జివ్వుమంటుంది. జనవరిలో పొద్దున్న పన్నెండు, పదిహేను డిగ్రీల చలి. గాలి చిక్కగా ఉంటుంది, బంతి బిగుసుకుంటుంది, రోజూ పోయే దూరం పోదు. ఏడో నంబర్ ఐరన్ తీసే చోట ఇంకాస్త దూరం కొట్టే ఆరో నంబర్ తీయండి, ఎనిమిదిన్నర దాకా అంతే.

ప్రయాణం కూడా హైదరాబాద్‌కి కలిసొస్తుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే పొద్దున్నకి లింగంపల్లి, అక్కడి నుంచి గచ్చిబౌలి పక్కనే. భీమవరం వాళ్ళకి నరసాపురం బండి ఉంది. మధురపూడి నుంచి విమానం అంటారా, సరదాగానే ఉంటుంది, కానీ మామూలు టికెట్ మీద చెకిన్ లగేజీ పదిహేను కిలోలు, నిండు కిట్టు ఒక్కటే దాదాపు అంత తూగుతుంది. బట్టలు చేతిసంచిలో కుక్కుకోవాలి, లేదంటే కౌంటర్ దగ్గర అదనంగా కట్టుకోవాలి. రైల్లో ఆ బాధ లేదు, కింది బెర్తు మాత్రం ఒకటైనా ఉండేలా బుక్ చేయండి.

ఊటీ మాటకొస్తే, ఫోటోలు చూసి మోజు పడేవాళ్ళే ఎక్కువ. వెన్లాక్ డౌన్స్‌లో జింఖానా క్లబ్ కోర్సు అందంగా ఉంటుంది, కాదనను. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పల్చన, మీ డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పెద్ద దెబ్బ) మామూలుకన్నా ఎక్కువ దూరం పోతుంది, మగాళ్ళకి ఇంతకన్నా సంతోషం ఏం కావాలి! కానీ డిసెంబర్, జనవరిల్లో అక్కడ గడ్డి మీద తెల్లగా మంచు గడ్డకడుతుంది. దాని మీద నడిస్తే గడ్డి పరకలు చిట్లిపోయి అడుగుల జాడలు మచ్చలు పడతాయి, అందుకే అలాంటి పొద్దుల్లో అది కరిగేదాకా ఆట మొదలెట్టకూడదు. చలికాలపు పొట్టి పగల్లో ఓ గంట పోయినట్టే. పైగా మనకి అక్కడికి చేరడమే పెద్ద పని: బొకారో ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు, అక్కడ్నుంచి మేట్టుపాళయం మీదుగా ఘాట్ రోడ్డు, 2024 మే నుంచి టూరిస్టు బళ్ళకి ఈ-పాస్ ఒకటి. రానూ పోనూ ప్రయాణానికే చెరో రోజు పైన పోతే ఆడేది ఎంత? ఇంట్లోవాళ్ళని కూడా తీసుకెళ్తూ, మధ్యలో ఒక పూట ఆడుకుంటానంటే ఊటీకి మించింది లేదు. గోల్ఫ్ కోసమే అయితే వద్దు.

బెంగళూరులో కోర్సులకి లోటు లేదు. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్, పీటర్ థామ్సన్ డిజైన్ చేసిన కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్), నంది కొండల కింద పి.బి. డై గీసిన గోల్ఫ్‌షైర్, ఆటపరంగా చూస్తే ఇదే మొదటి స్థానం. వాతావరణం కూడా మూడింటికన్నా హాయి. కానీ ఒక కోర్సు నుంచి ఇంకోదానికి వెళ్ళేసరికి ట్రాఫిక్‌లో సగం పూట పోతుంది, తెలిసిన సభ్యుడు లేకపోతే మంచి టైము దొరకడం కష్టం. అక్కడ బావమరిదో తోడల్లుడో సభ్యుడుగా ఉంటే వేరే ఆలోచన పెట్టుకోకుండా శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి.

ఎక్కడికన్నది తేలినా ఎప్పుడన్నది తేలక మా ప్లాన్లు చెడిపోతుంటాయి. ధనుర్మాసం పెళ్ళిళ్ళుండవు, కాబట్టి డిసెంబర్ మధ్య నుంచి మనుషులు దొరుకుతారు, కోతల హడావుడి కూడా తగ్గుతుంది. క్రిస్మస్ సెలవులు మొదలైతే గదుల రేట్లు పెరుగుతాయి. సంక్రాంతికి వారం ముందు హైదరాబాద్ వెళ్ళే బళ్ళు ఖాళీగా కనపడి ఆశ పెడతాయి, కానీ తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళకొచ్చే జనమంతా మనతోనే ఉంటారు, వెయిటింగ్ లిస్టు వందల్లో. కనుమ దాటాక సరిగ్గా దీనికి ఉల్టా. పండగ మూడు రోజులైతే అసలు అడగొద్దు, కొత్తల్లుడు ఇంట్లో ఉండగా, బరుల దగ్గర జనం ఉండగా గోల్ఫ్ అన్నవాడిని ఇంట్లోంచి గెంటేస్తారు.

అందుకని నేను చెప్పేది, డిసెంబర్ మూడో వారంలో సోమవారం రాత్రి బండెక్కి మంగళ, బుధ హైదరాబాద్‌లో ఆడి గురువారానికి ఇల్లు చేరండి. అది తప్పితే రిపబ్లిక్ డే సెలవు వెళ్ళాక, జనవరి చివర్లో, పెళ్ళి పిలుపుల మధ్య ఖాళీ చూసుకుని. నలుగురిలో ఇద్దరు ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళయితే మాత్రం హైదరాబాద్ వదిలేసి విశాఖకే పదండి, రెండు రోజులు చాలు, ఖర్చూ తక్కువ. ముందు క్లబ్‌కి ఫోన్ చేసి టైము ఖాయం చేసుకుని, గ్రీన్ ఫీలో క్యాడీ (కిట్టు మోసే మనిషి), కార్టు (కోర్సులో తిరిగే చిన్న బండి) కలిసే ఉన్నాయా వేరేనా అడిగి, తర్వాతే టికెట్లు తీయండి.