వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో క్లాసులయ్యాక ఏముంటుంది? 5కి 4 ఇస్తున్నాను, ఎందుకంటే

పీజీసెట్ (పీజీ ఎంట్రన్స్) రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా ఊరి జూనియర్లు ఫోన్ చేస్తారు. "ఏటక్కా, ఆంధ్రా యూనివర్సిటీలో లైఫ్ ఎలా ఉంటాది, ఫెస్టులూ క్లబ్బులూ ఉంటాయా, ఫ్రెండ్స్ దొరుకుతారా" అని అడుగుతారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే నయమనిపించింది. నేను సౌత్ క్యాంపస్‌లో పీజీ చేశాను, మొదట బయట రూమ్ తీసుకుని తర్వాత హాస్టల్‌కి మారాను కాబట్టి రెండు రకాలుగానూ చూశాను. చదువు, ఫీజులు, ప్లేస్‌మెంట్ల గురించి ఇక్కడ రాయడం లేదు. క్లాసు వదిలాక సాయంత్రం నుంచి రాత్రి భోజనం వరకు ఏముంటుందో అదే రాస్తున్నాను.

రీల్స్‌లో చూపించే ప్రైవేటు యూనివర్సిటీల హంగామా మనసులో పెట్టుకుని వస్తే మాత్రం మొదటి నెల దిగులుగా గడుస్తుంది. ఇక్కడ ఎవరూ వెతుక్కుంటూ వచ్చి మిమ్మల్ని క్లబ్బులో చేర్చరు. ఏ రోజు ఎక్కడ ఏం జరుగుతుందో క్యాంపస్‌లో తిరిగేవాళ్లకే తెలుస్తుంది, అది కూడా టీ తాగుతూ పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడితేనే. అందుకే సాయంత్రాలు అక్కడే ఉండిపోయేవాళ్లకి ఈ యూనివర్సిటీ ఒక రకంగా, క్లాసవ్వగానే బస్సెక్కేసేవాళ్లకి పూర్తిగా ఇంకో రకంగా ఉంటుంది. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్ పేరుతో మొదలైన యూనివర్సిటీ ఇది, వందేళ్లయింది. నాలుగు వందల ఎకరాల పైచిలుకు స్థలం, నార్త్ క్యాంపస్ వైపు ఇంజనీరింగ్, సౌత్ వైపు ఆర్ట్స్, సైన్సు, లా. నడవడానికి బద్ధకం పడకండి. మొదటి వారం ఇన్ గేటు ఏదో అవుట్ గేటు ఏదో, వి.ఎస్. కృష్ణ లైబ్రరీ ఎటో తెలియక తిప్పలు పడతారు, తర్వాత అదే అలవాటవుతుంది.

ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది మనుషులు. సిక్కోలు, పార్వతీపురం, పాడేరు, గోదావరి జిల్లాలు, గుంటూరు, ఇలా రాష్ట్రం నలుమూలల వాళ్లూ, వీళ్లు కాక ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన స్టూడెంట్లూ ఉంటారు. సంక్రాంతి సెలవులయ్యాక హాస్టల్ గది చూడాలి. ఒకమ్మాయి బ్యాగులోంచి ఆత్రేయపురం పూతరేకులు, ఇంకొకామె మాడుగుల హల్వా, పలాస నుంచి జీడిపప్పు, పాడేరు అమ్మాయి వాళ్ల తోటలో పండిన కాఫీ పొడి, అన్నీ మంచం మీద ఒక న్యూస్ పేపర్ పరిచి దాని మీద పెట్టేవాళ్లం. హల్వా నెయ్యి కాగితానికి అంటుకుని వెనకవైపు అక్షరాలు కూడా కనిపించేవి. అప్పటిదాకా పేరు కూడా తెలియని పక్క గది అమ్మాయి ఆ రాత్రి వచ్చి కూర్చుంటే, తర్వాత కోర్సు అయ్యేదాకా మా గదిలోనే ఉంది దాదాపు. ఇలాంటిది ఏ ఫెస్టూ ఇవ్వదు అని నేను గట్టిగా నమ్ముతాను.

నాటకాల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పట్టించుకోకుండానే కోర్సు ముగించేస్తారు. ఏయూలో థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. ఇక్కడ నాటకానికి పాత చరిత్రే ఉంది, రిజిస్ట్రార్‌గా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి గారు పట్టుబట్టి కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించారు. నేనో రిహార్సల్ చూశాను. మేకప్ లేదు, డ్రెస్సు లేదు, నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలే గుమ్మం, అరుగు, బావి. ఒకబ్బాయి బావి దగ్గరికొచ్చి తండ్రి చనిపోయాడని చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ సార్ ఆపేస్తున్నారు, "నువ్వు బాధపడుతున్నావు, నాకు వార్త చెప్పట్లేదు" అంటున్నారు. చివరికి ఆ అబ్బాయి చేద లాగుతూ లాగుతూ మామూలుగా చెప్పేశాడు. లేని తాడు చేతిలో ఉన్నట్టే ఉంది, చూస్తున్న మాకు గొంతు పట్టేసింది. కెమిస్ట్రీ చదివే మా ఫ్రెండు ఆ రోజు నుంచి లైట్లు మొయ్యడానికి వాళ్లతో తిరగడం మొదలెట్టింది, వాళ్లు కూడా వద్దనలేదు. అడిగితే చాలు, చూడనిస్తారు. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఆడిటోరియం క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దగ్గర, సంగీతం, డాన్సు అంటే ఇష్టమున్నవాళ్లకి పిఠాపురం కాలనీలో కళాభారతి ఆడిటోరియం ఉంది. ఊళ్లో ఇన్ని ఉండగా డబ్బులు పోసి డీజే నైట్లకి వెళ్లక్కర్లేదు.

డీజే నైట్ అంటే గుర్తొచ్చింది. సిటీలో ఒక ఈవెంట్ వాళ్లు స్టూడెంట్స్ స్పెషల్ అని పాసులు అమ్మి, లోపల చోటు లేదని గేటు బయటే మమ్మల్ని నిలబెట్టేశారు, డబ్బులడిగితే నంబరు స్విచాఫ్. క్యాంపస్‌లో ఎవరో తెలిసినవాళ్లు అమ్ముతున్నారని కొనెయ్యకండి, ఎక్కడ జరుగుతుంది, ఎవరు నడుపుతున్నారు అన్నది ముందు కనుక్కోండి. ఇంటి నుంచి నెలకింతని లెక్కగా తెచ్చుకునేవాళ్లకి ఆ డబ్బు చిన్నదేం కాదు.

బీచ్ గురించి చెప్పకుండా వైజాగ్‌లో ఏ రివ్యూ పూర్తవుతుంది! క్యాంపస్ నుంచి దిగితే బీచ్ రోడ్డే. తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర కొంతసేపు బండ్లు ఆపేస్తారు, పరీక్షలప్పుడు ఆ టైమ్‌లో నడుస్తూ ఒకరికొకరు ప్రశ్నలు అప్పజెప్పుకునే బ్యాచ్‌లు కనబడతాయి. సాయంత్రమైతే మురీ మిక్చర్. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన వేరుశనగ గుళ్లు వేసి, నిమ్మకాయ పిండి, గిన్నెలో గరిటె టకటకా ఆడించి పొట్లంలో పోసిస్తారు. వెంటనే తినెయ్యాలి, సముద్రపు గాలికి నిమిషాల్లో మెత్తబడిపోతుంది. ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు, అందులో స్టూడెంట్లే ఎక్కువగా కనబడతారు వార్తల్లో. కాళ్లు తడుపుకుంటాం అనే మొదలవుతుంది. లైఫ్ గార్డు విజిలేస్తే వెనక్కి వచ్చెయ్యండి, ఫ్రెండ్స్ రెచ్చగొట్టినా సరే.

స్టూడెంట్ రాజకీయాల గురించి ఇంట్లోవాళ్లకి టెన్షన్ ఉంటుంది. వెంకయ్య నాయుడు గారు 1973–74లో ఇక్కడ స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంట్‌గా చేశారు, ఆ కాలం వేరు, యూనియన్ ఎన్నికలు లేక దశాబ్దాలైంది. విద్యార్థి సంఘాలున్నాయి, ధర్నాలు చేస్తాయి, మీటింగులకి పిలుస్తాయి. వెళ్లాలంటే వెళ్లొచ్చు, వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యరు.

ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, ముఖ్యంగా అమ్మాయిల కోసం. ఈ ఊళ్లోనే కాదు, గవర్నమెంటుదైనా ప్రైవేటుదైనా లేడీస్ హాస్టల్ అంటే గేటు టైమింగ్స్ ఉంటాయి. నాటకాలు, కచేరీలు ఊపందుకునేదే చీకటి పడ్డాక, సరిగ్గా అప్పుడే మేం వాచీలు చూసుకోవాలి. అబ్బాయిలు చివరిదాకా కూర్చుని మర్నాడు చెబుతుంటే వినడం నాకు నిజంగా బాధగా ఉండేది. భద్రత వద్దని నేను అనను. ప్రోగ్రామ్ ఉన్న రోజున అందరినీ కలిపి తీసుకొచ్చి దింపే బస్సొకటి వేస్తే సరిపోతుంది కదా, గేటు ముందే మూసెయ్యడం ఒక్కటేనా దారి?

ఇంక గాజువాక, అనకాపల్లి, భీమిలి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ల సంగతి. మీకైతే దీన్ని 5కి 3 అనుకోండి, ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. అలాంటివాళ్లకి నేను చెప్పేది ఎన్ఎస్ఎస్, అంటే నేషనల్ సర్వీస్ స్కీమ్. రెండేళ్లలో 240 గంటల సేవ, దాంతోపాటు ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. క్యాంపులో ఊళ్లోనే ఉండి, అక్కడే వండుకుని, పగలంతా పని చేసి రాత్రి పాటలు పాడుకుంటారు, హాస్టల్లో ఆర్నెల్లకి కలిసే స్నేహం అక్కడ వారంలో కలుస్తుంది. మా డే స్కాలర్స్‌లో ఇప్పటికీ ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లేది ఆ క్యాంపు బ్యాచే. పీజీ కూడా రెండేళ్లే కాబట్టి చేరిన మొదటి సెమిస్టర్‌లోనే మీ యూనిట్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలిసి పేరు రాయించుకోండి, సెకండియర్‌లో గుర్తొస్తే సర్టిఫికెట్‌కి గంటలు చాలవు.